పాతరలో దీపం ఎందుకు ఆరిపోతుంది?

పూర్వం తెలంగాణలోనూ, రాయలసీమలోనూ చాలా ఊళ్ళలో జొన్నలు పాతరల్లో దాచేవారు. నేలలో లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరచి, గింజలు పోసి, పైన మట్టితో మూసేవారు. నెలల తరవాత పాతర తీసిననాడు ఎవరినీ వెంటనే దిగనిచ్చేవారు కాదు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనిచ్చి, వెలుగుతున్న లాంతరును తాడుకు కట్టి లోపలికి దించేవారు. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగవచ్చు. ఆరిపోయిందో, ఎంత తొందర పనైనా ఆగవలసిందే.

దీపం వెలగడానికి ఆక్సిజన్ కావాలని మీకు తెలుసు. మామూలు గాలిలో అది 21 శాతం ఉంటుంది. సుమారు 16, 17 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది. మరి పాతరలో ఉండవలసిన ఆక్సిజన్ ఏమైంది? లోపల నిప్పు లేదు, పశువు లేదు, మనిషి లేడు. ఉన్నవి జొన్నలు. ఆ గాలిని వాడుకున్నవి అవే! వాటితోపాటు వాటిని పట్టిన బూజూ, పురుగూ కూడా.

గింజ ఎండిపోయి రాయిలా కనిపిస్తుంది కాని అది చచ్చిపోలేదు. చస్తే వచ్చే ఏడు మొలకెత్తదు కదా! లోపలి పిండం బతికి ఉంటుంది. బతికి ఉన్నంతకాలం దానికి కాస్తో కూస్తో శక్తి కావాలి. బాగా ఎండిన గింజ ఈ పనిని చాలా మెల్లగా చేస్తుంది. తేమ తగిలిందంటే వేగం పుంజుకుంటుంది.

వరి పండే ఊళ్ళ పిల్లలు దీన్ని చేత్తో తాకి తెలుసుకోవచ్చు. నారుమడి చల్లేముందు విత్తనాల్ని ఒక రోజు నానబెట్టి, నీరు వార్చి, గోనెసంచిలో మండె కడతారు. మర్నాడు ఆ సంచిలో చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. ఎండలో పెట్టలేదు, పొయ్యిమీద పెట్టలేదు. ఆ వేడి గింజలోంచే వచ్చింది. సరిగా ఆరని ధాన్యాన్ని రాశి పోసినా ఇంతే. లోపల వేడెక్కి, చెమ్మగిల్లి, చివరకు రంగు మారుతుంది. వేడి ఎందుకో సరే, చెమ్మ ఎందుకో చెప్పగలరా? ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి.

ముక్కు వేరు, కణం వేరు

క్లాసులో "శ్వాసక్రియ అంటే ఏమిటి?" అని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది "గాలి పీల్చి వదలడం" అంటారు. అది శ్వాసించడం. ఇంటికి సరుకు వచ్చినప్పుడు గుమ్మం దగ్గర జరిగే పని వంటిది. అసలు వంట లోపల జరుగుతుంది. శరీరంలో ఉన్న ప్రతి సజీవ కణంలోనూ ఆహారం విడిపోయి, అందులోని శక్తి బయటపడడమే శ్వాసక్రియ. జొన్నగింజకు ముక్కూ లేదు, ఊపిరితిత్తులూ లేవు. శ్వాసక్రియ మాత్రం ఉంది.

ఇది ఒకరకం దహనమే అని మొదట కొలిచి చూపినవాడు ఫ్రాన్సుకు చెందిన లావోయిజర్. 1782-83 చలికాలంలో ఆయన, లాప్లాస్ కలసి ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర మధ్యలో ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలిందో కొలిచారు. బొగ్గును మండించి అంతే వాయువు పుట్టించినప్పుడు కరిగే మంచుతో పోల్చి చూశారు. రెండూ ఇంచుమించు దగ్గరగా వచ్చాయి.

అయితే ఒక చిక్కుంది. 180 గ్రాముల గ్లూకోజును పూర్తిగా మండిస్తే సుమారు 686 కిలోకాలరీల శక్తి వస్తుంది. ఏడు లీటర్ల చన్నీళ్ళను ఇంచుమించు మరిగే దాకా తేవచ్చు. అంత శక్తి కణంలో ఒక్కసారిగా వెలువడితే కణం మాడి మసైపోదూ? నాగార్జునసాగర్ నీటిని ఒక్కసారిగా వదిలేస్తే ఊళ్ళు కొట్టుకుపోతాయి. అదే నీటిని టర్బైన్ల మీదుగా దించితే కరెంటు వస్తుంది. కణం చేసేదీ అదే. గ్లూకోజును ఒక్క దెబ్బకు కాల్చదు. మెట్టుమెట్టుగా దించుతుంది. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎంజైము కాపలా.

దించుతూ వచ్చిన శక్తిని ఎ.టి.పి. అనే పదార్థంలో నింపుతుంది. దీని పూర్తి పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. అయిదు వందల నోటు ఇచ్చి సిటీబస్సు టిక్కెట్టు అడిగితే కండక్టరు మనవంక ఎలా చూస్తాడో తెలుసు కదా? గ్లూకోజు పెద్ద నోటు. కండరం ముడుచుకోవాలన్నా, వేరు నీటిలోని లవణాల్ని లాగాలన్నా కణంలో చెల్లేది చిల్లరే. ఆ చిల్లర ఎ.టి.పి. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఇది కొన్ని పదుల గ్రాములకు మించదు. కాని క్షణక్షణమూ ఖర్చై, మళ్ళీ తయారవుతూ ఉంటుంది. ఒక రోజులో అలా తయారైనదంతా లెక్కవేస్తే దాదాపు మన బరువంత అవుతుందని అంచనా.

బిందెల వరస

మొదటి దశ పేరు గ్లైకాలిసిస్. ఇది కణద్రవ్యంలో పది మెట్లుగా జరుగుతుంది. ఆరు కార్బన్ల గ్లూకోజు విరిగి, మూడేసి కార్బన్ల పైరూవిక్ ఆమ్లం అణువులు రెండు ఏర్పడతాయి. ఖర్చు పోగా మిగిలే ఎ.టి.పి.లు రెండే. ఇంతవరకు ఆక్సిజన్ ఊసే లేదు.

ఆక్సిజన్ ఉంటే పైరూవిక్ ఆమ్లం మైటోకాండ్రియాలో ప్రవేశిస్తుంది. అక్కడ క్రెబ్స్ వలయంలో తిరిగి ముక్కలు ముక్కలవుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ అక్కడ పుట్టేదే. దీన్ని హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించాడు. ఆయన పంపిన ఉత్తరాన్ని 'నేచర్' పత్రిక ఆనాడు వేసుకోలేదు. 1953లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వలయంలోని మెట్లన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. మీ పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉంది. ఒక్క సంగతి గమనిస్తే చాలు. ప్రతి మలుపులోనూ ఆహారం నుంచి హైడ్రోజన్‌ను ఊడదీయడమే అసలు పని. దాని ఎలక్ట్రానుల్లోనే శక్తి ఉంది.

ఊళ్ళో పాక అంటుకుంటే జనం ఏం చేస్తారు? బావి నుంచి పాక దాకా వరసగా నిలబడి నీళ్ళబిందెలు ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటారు. మైటోకాండ్రియా లోపలి పొరలో ఎలక్ట్రాన్లు అలాగే ఒక అణువు నుంచి మరో అణువుకు చేతులు మారుతాయి. మారిన ప్రతిచోటా కాస్త శక్తి దిగుతుంది. దానితో ఎ.టి.పి. తయారవుతుంది. వరస చివర నిలబడి బిందె అందుకునేది ఆక్సిజన్. ఎలక్ట్రాన్లను అందుకుని, హైడ్రోజన్‌తో కలసి నీరవుతుంది. ఆ చివరివాడు వెళ్ళిపోతే? అతని ముందున్నవాడి చేతిలో నిండు బిందె ఉండిపోతుంది. వాడు మరొకటి అందుకోలేడు. అలా వెనక వెనకకు అందరి చేతులూ నిండి, వరస మొత్తం నిలిచిపోతుంది. ఆక్సిజన్ లేకపోతే జరిగేది సరిగ్గా ఇదే.

మనం పీల్చిన ఆక్సిజన్ చివరకు ఏమవుతుంది అని అడిగితే పెద్ద క్లాసులవాళ్ళు కూడా కార్బన్ డయాక్సైడ్ అంటారు. కాదు, నీరవుతుంది! 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా విడిపోతే 108 గ్రాముల నీరు తయారవుతుంది. ఆరని ధాన్యపు రాశి చెమ్మగిల్లడానికి ఇదొక కారణం. డబ్బాలోని ఎండుబియ్యంలో ముక్కపురుగు ఎన్నడూ నీరు తాగకుండా ఎలా బతుకుతోంది? గింజలో ఉన్న కొద్దిపాటి తేమకు ఈ నీరు తోడవుతుంది.

ఆక్సిజన్‌తో ఒక గ్లూకోజు అణువు నుంచి మొత్తం ఎన్ని ఎ.టి.పి.లు వస్తాయి? పాత పుస్తకాల్లో 38 అనీ, 36 అనీ ఉంటుంది. ఇప్పటి లెక్కల ప్రకారం 30, 32 మధ్య. (పరీక్షలో మాత్రం మీ పుస్తకంలో ఉన్న అంకే రాయండి. పేపరు దిద్దేవారితో పేచీ ఎందుకు?) మిగతా శక్తి వేడిగా పోతుంది. మన ఒళ్ళు వెచ్చగా ఉండడమూ, మండె సంచి వెచ్చబడడమూ దానివల్లనే.

గాలి లేనప్పుడు

వరస నిలిచిపోతే కణం వెంటనే చావాలా? అక్కర్లేదు. గ్లైకాలిసిస్‌కు ఆక్సిజన్‌తో పనిలేదు కదా! రెండేసి ఎ.టి.పి.లతో రోజులు వెళ్ళదీయవచ్చు. కాని అక్కడా హైడ్రోజన్‌ను మోసే అణువులు కొన్ని ఉన్నాయి. వాటి చేతులు ఖాళీ అయితేనే మళ్ళీ పనికి వస్తాయి. ఆక్సిజన్ లేదు కనుక కణం ఆ హైడ్రోజన్‌ను పైరూవిక్ ఆమ్లం నెత్తినే రుద్దుతుంది. అప్పుడది లాక్టిక్ ఆమ్లం అవుతుంది. పాలు తోడుకోవడంలో జరిగేది ఇదే. ఈస్టు కణం మరో దారి పడుతుంది. పైరూవిక్ ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసి, మిగిలినదానికి హైడ్రోజన్ ఇచ్చి ఆల్కహాల్ చేస్తుంది. పొద్దున తియ్యగా ఉన్న తాటినీరా పొద్దెక్కేసరికి నురగ కక్కుతూ కల్లవడం ఇందువల్లనే. ఈ చివరి మెట్టులో కొత్తగా శక్తి ఏమీ రాదు. చేతులు ఖాళీ చేసుకోవడమొక్కటే లాభం.

గ్లూకోజులోని శక్తిలో అధికభాగం ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది. మీ ప్రయోగశాలలో స్పిరిట్ దీపం మండేది ఈస్టు వాడుకోలేక వదిలేసిన ఆ శక్తితోనే! రాబడి ఇంత తక్కువ కాబట్టి గాలిలేనిచోట ఈస్టు చాలా ఎక్కువ చక్కెర తినవలసి వస్తుంది. ఈ సంగతిని లూయీ పాశ్చర్ 1861లోనే గుర్తించాడు.

ఇక్కడొక తమాషా. ఒళ్ళంతటికీ ఆక్సిజన్ మోసే ఎర్రరక్తకణానికి మైటోకాండ్రియా లేవు. మోసే ఆక్సిజన్‌లో ఒక్క అణువునైనా అది ఇందుకు వాడుకోలేదు. ఎప్పుడూ గ్లైకాలిసిస్‌తోనే బతుకుతుంది.

కూతలో ఏం జరుగుతుంది?

కబడ్డీలో కూతకు వెళ్ళినవాణ్ణి చూడండి. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 సెకన్లలో తిరిగి రావాలి. అంత ఉద్ధృతంగా కదిలేటప్పుడు రక్తం ఎంత పరుగెత్తినా కండరానికి కావలసినంత ఆక్సిజన్ అందించలేదు. కండరంలో సిద్ధంగా ఉన్న ఎ.టి.పి. రెండు మూడు సెకన్లకే చాలు. మరి మిగతాదంతా ఎక్కడినుంచి వస్తుంది?

1920ల వరకు దీనికి అందరూ చెప్పిన జవాబు, "లాక్టిక్ ఆమ్లం" అని. అది పుట్టడమే కండరాన్ని ముడిపిస్తుందనుకునేవారు. కండరంపై చేసిన పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి బ్రిటన్‌కు చెందిన ఎ.వి. హిల్‌కు, జర్మనీకి చెందిన మైయర్‌హాఫ్‌కు వచ్చింది. అంతటివాళ్ళ మాటను ఎవరు కాదంటారు?

కాదనవలసి వచ్చినవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ నగరం చేరుకుని, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేశారు. ఇద్దరూ కలసి ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉంటే నీలిరంగు అంత చిక్కగా వస్తుంది. ఆ పద్ధతికి ఈనాటికీ వారిద్దరి పేరే.

కండరపు సారంతో ఈ పరీక్ష చేసినప్పుడు ఒక వింత కనబడింది. కొద్ది నిమిషాల్లో నిలకడకు రావలసిన నీలిరంగు, నెమ్మదిగా ముదురుతూనే పోయింది. ఏదో మలినం కలిసిందిలే అని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. వాళ్ళు పారబోయలేదు. ఏదో ఒక పదార్థం ఆ ఆమ్లద్రావణంలో విరిగిపోతూ ఫాస్ఫేటును కొంచెం కొంచెంగా వదులుతోందని గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఆ సంగతి ప్రకటించారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ పెరుగుతుంది. 1929లో ఎ.టి.పి.ని కూడా వారు వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనుగొన్నాడు.

1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఒక రసాయనంతో ఆపివేసినా కండరం కొంతసేపు ముడుచుకుంటూనే ఉంటుందని, ఆ సేపట్లో ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటినే అని చూపించాడు. 1932లో హిల్ స్వయంగా ఒక వ్యాసం రాసి, దానికి కండరశాస్త్రంలో 'విప్లవం' అని పేరు పెట్టాడు. నోబెల్ అందుకున్నవాడు, తన సిద్ధాంతం పడిపోయిన సంఘటనకు అలాంటి పేరు పెట్టడం నాకు ఆ బహుమతికన్నా గొప్పగా తోస్తుంది.

కూత లెక్క ఇప్పుడు తేలుతుంది. మొదటి రెండు మూడు సెకన్లు నిల్వ ఉన్న ఎ.టి.పి.; పది సెకన్ల వరకు చాలామటుకు ఫాస్ఫోక్రియాటిన్; ఆపైన గ్లైకాలిసిస్, దానివెంట లాక్టిక్ ఆమ్లం. గీతలో సరిగ్గా కత్తిరించినట్లు కాదు, ఒకదానిలోకి ఒకటి కలుస్తాయి. తిరిగివచ్చి రొప్పడం ఆ అప్పు తీర్చుకోవడానికి. లాక్టిక్ ఆమ్లాన్ని గుండె ఇంధనంగా వాడుకుంటుంది. కొంత కాలేయంలో మళ్ళీ గ్లూకోజవుతుంది. గంట తిరిగేసరికి దాదాపు సర్దుకుంటుంది. మర్నాడు కాళ్ళు పీకడానికి అదే కారణమని చాలామంది ఇప్పటికీ చెబుతారు కాని, అది నిజం కాదు. ఆ నొప్పి కండరపు పోగుల్లో ఏర్పడే సన్నని చిరుగుల వల్ల.

మళ్ళీ పాతర దగ్గరకు

కండరం ఇలా అప్పుచేసి గడపగలదు. మెదడు గడపలేదు. బరువులో అది శరీరంలో 2 శాతమే అయినా, మనం వాడే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. రెండేసి ఎ.టి.పి.లతో దాని ఖర్చు గడవదు. రక్తం అందడం ఆగితే పది పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు చావడం మొదలవుతుంది.

"చెరువులో నిమిషం సేపు మునిగి ఉండగలను, పాతరలో ఆ మాత్రం ఉండలేనా?" అని ఈతగాళ్ళు అనుకోవచ్చు. ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. నీటిలో మునిగేవాడి ఊపిరితిత్తుల నిండా మంచి గాలి ఉంటుంది. రక్తం అందులోంచి ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటుంది. పాతరలో దిగినవాడు ఊపిరి తీస్తాడు. ఆ చెడ్డగాలి ఉన్న మంచిగాలిని కడిగేస్తుంది. నీరు పల్లానికి పారినట్లు, రక్తంలో ఉన్న ఆక్సిజన్ కూడా తిరిగి ఊపిరితిత్తుల్లోకే పారుతుంది. పైగా అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కనుక రొప్పు పుడుతుంది. రొప్పినకొద్దీ మరింత చెడ్డగాలి లోపలికి పోతుంది. ఆక్సిజన్ మరీ తక్కువగా ఉంటే ఒకటి రెండు ఊపిరులకే కూలిపోతాడు. అరవడానికి కూడా వ్యవధి ఉండదు.

పైనున్నవాడు చూసి, జారిపడ్డాడనుకుని దిగుతాడు. అతని వెనక మూడోవాడు. పాడుపడిన బావుల్లోనూ, సెప్టిక్ ట్యాంకుల్లోనూ ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు పేపర్లో చూస్తుంటాం. ఎక్కువసార్లు జరిగేది ఇదే. ఎంత దగ్గరవారు పడినా దిగకూడదు. తాడు వేయాలి, పైనుంచి గాలి కొట్టాలి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. ఇక సెప్టిక్ ట్యాంకు దగ్గర లాంతరు పరీక్ష పనికిరాదు. కుళ్ళినచోట మీథేన్ ఉంటుంది, దీపానికి అంటుకుంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషే పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

మొక్క వేళ్ళదీ ఇదే ఇబ్బంది. వానలకు నీరు నిలిచిన చేలో మిరపమొక్క నీళ్ళమధ్య నిలబడి వాడిపోతుంది! మట్టి సందుల్లోని గాలి పోయి, వేళ్ళ కణాలకు శక్తి చాలక, చుట్టూ నీరున్నా అవి పీల్చుకోలేవు. పక్క మడిలో వరి హాయిగా ఉంటుంది. దాని కాడలోనూ, వేళ్ళలోనూ గాలి గొట్టాల్లాంటి సందులున్నాయి. వరి గింజ బొత్తిగా ఆక్సిజన్ లేని నీటిలో కూడా మొలకెత్తగలదు. గోధుమ, మొక్కజొన్న ఆ పని చేయలేవు. అయితే అలా మొలిచినప్పుడు వేరు రాదు. ముందుగా మొలక తొడుగు ఒక్కటే పైకి సాగుతుంది, గాలి ఎక్కడుందా అని వెతుకుతున్నట్లు.

మీరు చేసి చూడండి

రెండు ఫ్లాస్కులు, రెండు థర్మామీటర్లు సంపాదించండి. ఒక ఫ్లాస్కులో మొలకెత్తుతున్న పెసలు, రెండోదానిలో ఉడికించి చల్లార్చిన పెసలు సగానికి పైగా నింపండి. థర్మామీటరు గుడ్డు గింజల మధ్య ఉండేటట్లు పెట్టి, మూతిని దూదితో వదులుగా మూయండి. ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రతలు చూసి నోటుబుక్కులో రాయండి. మొదటి రోజు మొలకల ఫ్లాస్కే వెచ్చబడుతుంది. ఆపకుండా మూడో రోజు, నాలుగో రోజు కూడా చూడండి. ఉడికించిన పెసల ఫ్లాస్కు కూడా వెచ్చబడడం మొదలుపెట్టవచ్చు. ఆ గింజలు చచ్చినవే కదా. మరి అందులో శ్వాసక్రియ జరుపుతున్నదెవరు?